అమెరికా మిలిటరీ బేస్‌లో సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్న మన బెజవాడ, గుంటూరు పిల్లలకి

అమెరికాలో పుట్టి, చిన్నప్పుడే ఇక్కడికొచ్చేసి, పటమటలోనో బ్రాడీపేటలోనో ఇంటర్ దాకా చదివి, మళ్లీ డిగ్రీకి అక్కడికెళ్లిన పిల్లలు మన వైపు చాలామందే ఉన్నారు. వాళ్లకి అమెరికా పాస్‌పోర్ట్ ఉంటది కాబట్టి నేవీ వాళ్ల ఎన్‌రీప్, ఎయిర్‌ఫోర్స్ రీసెర్చ్ ల్యాబ్ స్కాలర్స్ లాంటి ఇంటర్న్‌షిప్‌లకి అప్లై చేసుకోవచ్చు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీదున్నోళ్లకి ఆ అవకాశం లేదు. ఆఫర్ రాగానే ఇక్కడ అమ్మానాన్నలకి కంగారు, మిలిటరీలో చేర్చేసుకుంటారేమో అని. అదేం లేదు, మీరు సివిలియన్. యూనిఫాం వేసుకోనక్కర్లేదు, ఎవరికీ శాల్యూట్ కొట్టనక్కర్లేదు, ల్యాబ్‌లో మీ పని మీరు చేసుకోవడమే.

ముందు ఫారాల సంగతి చెప్తా, ఎందుకంటే మనవాళ్లకి అసలు ఇబ్బంది అక్కడే. బ్యాక్‌గ్రౌండ్ చెక్ కోసం ఇన్నేళ్లుగా మీరు ఏ ఏ అడ్రస్‌లలో ఉన్నారు, అక్కడ మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరు అని అడుగుతారు, పోస్టుని బట్టి అమ్మానాన్నలు ఎక్కడ పుట్టారు, మీరు ఏ దేశాలకి వెళ్లొచ్చారు అని కూడా అడగొచ్చు. మన ఇళ్లల్లో నాన్న పుట్టినరోజు స్కూల్ సర్టిఫికెట్‌లో ఒకటుంటది, అసలుది ఇంకోటి. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో దాంట్లో చివర, మరోదాంట్లో ఒట్టి పొడి అక్షరం. అందుకే ఇక్కడుండగానే అమ్మానాన్నల పక్కన కూర్చుని పాస్‌పోర్టులు ముందేసుకుని అన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి, లేకపోతే అక్కడ పగలు ఇక్కడ అర్ధరాత్రి, ప్రతి చిన్నదానికీ వాళ్లని నిద్ర లేపాల్సొస్తది. ఎక్కడైనా తేడా ఉంటే సెక్యూరిటీ ఆఫీస్‌కి ముందే చెప్పండి. ఓసీఐ కార్డు (వేరే దేశం పౌరులైన మనవాళ్లకి ఇండియా ఇచ్చేది) ఉంటే అదీ చెప్పండి. ఇండియాలో చుట్టాలు ఉండటం తప్పు కాదు, దాని గురించి ఎవరూ మిమ్మల్ని తక్కువ చేసి చూడరు. కానీ దాస్తే మాత్రం పెద్ద గొడవ అవుద్ది. ఈ ఒక్క విషయం నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే, "ఇది రాయకపోతే ఏమవుద్దిలే" అని సలహా ఇచ్చే అన్నయ్యల మాట వినొద్దు.

ఇంకోటి, గంజాయి. కొన్ని రాష్ట్రాల్లో లీగలే, ఫ్రెండ్స్ గమ్మీలు (గంజాయి కలిపిన జెల్లీ చాక్లెట్లు) ఇస్తారు, కానీ ఫెడరల్ రూల్ ప్రకారం అది నిషేధమే, ఇంటర్న్‌షిప్ పోద్ది. ముట్టుకోవద్దు.

మొదటి రోజు విజిటర్ సెంటర్‌లో ఆలస్యం అవుద్ది, తొందరగా బయల్దేరండి. కారు ఉంటే లైసెన్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాలు దగ్గరుంచుకోండి. కారు లేనోళ్లు ఇల్లు వెతుక్కునేటప్పుడే ఆలోచించుకోవాలి, ఉబర్ వాళ్లని చాలా బేస్‌లలో గేటు దాటనివ్వరు, లోపలేమో కిలోమీటర్ల దూరం ఉంటది, అందుకని తోటి ఇంటర్న్‌లతో కలిసి వెళ్లేలా ముందే మాట్లాడుకోండి. బ్యాడ్జి బేస్ బయట మెడలో వేసుకుని తిరగొద్దు, గేటు దగ్గర ఫోటో దిగి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, అమ్మ అడిగినా సరే. కొన్ని గదుల్లోకి ఫోను, స్మార్ట్‌వాచ్, ఇయర్‌బడ్స్ ఏవీ తీసుకెళ్లకూడదు, ఆఫీస్ కంప్యూటర్‌కి ఛార్జింగ్ కోసమైనా ఫోను పెట్టకూడదు.

సాయంత్రం బ్యూగిల్ మోగుద్ది, జెండా దించుతారు. బయటుంటే ఆగి జెండా వైపు తిరిగి నిలబడాలి, జాతీయగీతం వస్తే గుండె మీద చెయ్యి పెట్టుకోవాలి, కార్లు కూడా పక్కకి ఆపేస్తారు. తెలియకపోతే పక్కవాళ్లు ఏం చేస్తున్నారో చూడండి చాలు.

పిలవడం దగ్గర మన పిల్లలు తికమక పడతారు. మీ మెంటర్ ఎక్కువగా సివిలియన్ సైంటిస్టే అయ్యుంటారు, వయసులో పెద్దాయనైనా పేరు పెట్టి పిలవమంటే అలాగే పిలవండి, మనకి నోరు రాదు గానీ అక్కడ అది మర్యాదే. యూనిఫాంలో ఉన్నోళ్లని ర్యాంకు, ఛాతీ మీద ఉన్న పేరు కలిపి పిలవొచ్చు. వాళ్లు మాట్లాడేదంతా పొడి అక్షరాలే, టైము కూడా పద్నాలుగొందలు అంటారు, అంటే మధ్యాహ్నం రెండు. అర్థం కాకపోయినా తలూపేసి తర్వాత గూగుల్‌లో వెతుక్కుందాం అనుకోవద్దు, అక్కడికక్కడే అడగండి, అక్కడ పాతవాళ్లు కూడా అడుగుతూనే ఉంటారు.

హెచ్-1బీ వర్క్ వీసా మీదున్న మీ పెదనాన్నగారబ్బాయి బేస్ చూస్తానంటే మీ బ్యాడ్జి ఉంది కదా అని తీసుకెళ్లొద్దు, వేరే దేశం పౌరులకి ముందే పర్మిషన్ కావాలి. ఒహాయోలో డేటన్ దగ్గర రైట్-ప్యాటర్సన్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో మిమ్మల్ని వేస్తే మాత్రం ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి తీసుకెళ్లండి, దానికి వేరే గేటు, టికెట్ లేదు, ఒక పూటలో చూడటం అవ్వదు, పొద్దున్నే వెళ్లండి.