బస్తీకి నల్లా నీరు: పైపు వేయడానికి ముందు చూడవలసినవి, వేసిన తరువాత నడపవలసినవి

బస్తీలో నీటి ఎద్దడి అనగానే అందరికీ ముందుగా తోచే పరిష్కారం కొత్త పైపులైను. అంచనాలు తయారయ్యేదీ దానికే, కొబ్బరికాయ కొట్టేదీ దానికే. హైదరాబాదు వంటి నగరంలో చాలా బస్తీలకు పైపు ఎప్పుడో వచ్చే ఉంటుంది. రానివి మూడు: చాలినన్ని గంటల సరఫరా, చివరి ఇంటిదాకా నీటిని తోసే ఒత్తిడి, చెడితే వచ్చి చూసే మనిషి. ఈ మూడింటికీ ముందు లెక్క చూసుకుని, పైపు సంగతి ఆ తరువాత తేల్చుకునే పద్ధతిని వార్డు ఇంజనీర్లకూ బస్తీ కమిటీలకూ మహిళా సంఘాల సమాఖ్యలకూ పనికివచ్చేలా ఇక్కడ వివరిస్తున్నాను.

పని మొదలుపెట్టవలసింది మ్యాపు దగ్గర కాదు, బిందె దగ్గర. నీళ్లు వచ్చే రోజున లైను మొదట్లో ఒక ఇల్లు, మధ్యలో ఒకటి, చిట్టచివర ఒకటి ఎంచుకుని, పదిహేను లీటర్ల బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో ఫోనులోని గడియారంతో చూసి రాసుకోవాలి. నీళ్లు వదిలిన అయిదు నిమిషాలకు ఒకసారి, అరగంటకు ఒకసారి, కట్టేయబోయే ముందు ఒకసారి చూస్తే మంచిది. మొదటి ఇంట్లో నిమిషానికి నిండే బిందె చివరి ఇంట్లో నాలుగు నిమిషాలు తీసుకుందంటే, గంట సరఫరాలో ఒకరికి తొమ్మిది వందల లీటర్లు, మరొకరికి రెండు వందల పాతిక లీటర్లు అందుతున్నట్టు. ఇలాంటి గల్లీల చివర నేను తరచుగా చూసే దృశ్యం ఒకటుంది: నల్లా గుమ్మం కన్నా కింద, గుంట తవ్వి పెట్టి ఉంటుంది, బిందెను ఆ గుంటలోకి దించి పట్టుకుంటారు. ఆ గుంట ఎంత లోతు ఉంటే ఆ లైనులో ఒత్తిడి అంత తక్కువని అర్థం చేసుకోవచ్చు. ప్రెషర్ గేజీ ఉంటే సరేసరి. ఒక అంతస్తు ఇళ్ల దగ్గర కనీసం ఏడు మీటర్లు (అంటే నీటిని అంత ఎత్తుకు ఎక్కించగలిగేంత), రెండంతస్తులకు పన్నెండు మీటర్ల ఒత్తిడి మిగలాలన్నది 1999 నాటి కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మాన్యువల్ పెట్టిన ప్రమాణం.

తరువాత గంటల లెక్క. మూడు వందల ఇళ్లు, పదిహేను వందల మంది ఉన్న బస్తీ అనుకుందాం. మురుగు కాలువల వ్యవస్థ ఉన్న నగరంలో తలకు రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని అదే మాన్యువల్ చెబుతుంది కాబట్టి రోజుకు సుమారు రెండు లక్షల లీటర్లు కావాలి, రోజు విడిచి రోజు సరఫరా అయితే ఒక్కో విడతకు నాలుగు లక్షలు. గల్లీలో ఉన్నది నాలుగు అంగుళాల, అంటే 100 మిల్లీమీటర్ల పైపు. అందులో నీరు సెకనుకు ఒకటిన్నర మీటర్ల వేగంతో పరుగెత్తినా, అది ఎక్కువ వేగమే, గంటకు దాటేది 42 వేల లీటర్లు. ఒక్క గంట సరఫరాలో తలకు 28 లీటర్లు, రెండు రోజులకు పంచితే రోజుకు 14. ట్యాంకు నిండుగా ఉన్నా సరే, ఆ పైపు ఆ గంటలో అంతకు మించి ఇవ్వలేదు. 150 మిల్లీమీటర్ల పైపుగా మార్చినా రోజు విడిచి రోజు నాలుగు గంటలకు పైగా వదలవలసిందే. అందుచేత పైపు సైజు తేల్చేముందు ఎన్ని గంటలు వదులుతారో వాల్వు తిప్పే విభాగం చేత రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. ఈ ఒక్క కాగితం లేకపోవడం వల్ల వృథా అయిన పైపులైన్లు తక్కువేమీ కావు.

గంటలతో పాటు ఇంట్లో నిలవ చేసుకునే వీలునూ చూడాలి. అయిదుగురున్న కుటుంబానికి రెండు రోజులకు 1,350 లీటర్లు కావాలి. ఒక గదిలో కాపురముండే ఇంట్లో రెండు వందల లీటర్ల డ్రమ్ము ఒకటి, పది బిందెలు పెట్టినా 350 లీటర్లు దాటదు. సంపు, పైన ట్యాంకు ఉన్న ఇంటికి రోజు విడిచి రోజు సరఫరా పెద్ద ఇబ్బంది కాదు, డ్రమ్ము మీద బతికే ఇంటికి మాత్రం అది రెండో రోజు నీళ్లు లేకపోవడమే. ఉన్న నీరే అయినా, బస్తీలకు తక్కువసేపైనా రోజూ వదలడం మేలని నేననేది ఇందుకే. పనికి వెళ్లే ఆడవాళ్లు ఇంట్లో ఉండే వేళ ఏదో అడిగి సమయం పెట్టాలి. ఉదయం పదకొండింటికి వచ్చే నీళ్లు కాగితం మీద సరఫరా, గల్లీలో మోరీ పాలు.

ఒత్తిడి చాలనిచోట జనం తమ ఉపాయం తాము వెతుక్కుంటారు: నల్లాకు టుల్లు మోటారు బిగిస్తారు. ఒకరు బిగిస్తే పక్కింటివారూ బిగించక తప్పదు. మోటారు లాగినప్పుడు పైపులో శూన్యం ఏర్పడి, ఎక్కడ చిన్న చిల్లు ఉన్నా బయటి మురికి లోపలికి పోతుంది. చాలా బస్తీల్లో ఇళ్లకు నీరు తెచ్చే సన్నని సర్వీసు పైపులు పది పదిహేను కట్టగా మోరీలోంచే సాగుతాయి కనుక, లోపలికి పోయేది మామూలు మట్టి కాదు. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన తాగునీటి వల్ల వాంతులు, విరేచనాలతో పలువురు ప్రాణాలు కోల్పోయారు. మోటార్లను జప్తు చేయడం కన్నా ముందు చేయవలసినవి రెండున్నాయి. దూరపు మెయిను నుంచి ఇంటింటికీ విడి పైపు లాగే పద్ధతి మానిపించి, పంపిణీ లైనునే గల్లీలోకి తెచ్చి, ఇంటి ముందే ఫెర్రూలు, అంటే లైను నుంచి ఇంటి పైపును తీసే చిన్న జోడింపులు, బిగించాలి, మోరీ దాటక తప్పని చోట సర్వీసు పైపును దానికి పైగా, బయటి గొట్టం తొడిగి దాటించాలి. రెండోది, బస్తీని రెండు మూడు భాగాలుగా విడగొట్టి ఒక్కోదానికి వాల్వు పెట్టి, ఎత్తులో ఉన్న భాగానికి ముందుగా, విడిగా నీళ్లు వదలాలి. ఎత్తుకూ పల్లానికీ ఒకేసారి వదిలితే పల్లం ఎప్పుడూ గెలుస్తుంది.

నీటి నాణ్యతను ట్యాంకు దగ్గర కాకుండా చివరి నల్లా దగ్గర పరీక్షించాలి. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది భారతీయ ప్రమాణం. నీటిలో మిగిలిన క్లోరిన్‌ను రంగును బట్టి చూపే క్లోరోస్కోపుతో ఈ పరీక్ష చేయడం సంఘం సభ్యురాలు ఎవరైనా పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. స్థానికంగా సంపు ఉంటే పది వేల లీటర్లకు లీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున ఇరవై గ్రాముల క్లోరిన్, అంటే తాజా బ్లీచింగ్ పౌడరు సుమారు అరవై గ్రాములు కావాలి, కలిపాక అరగంట ఆగాలి. మూత సరిగా లేని బస్తాలో పౌడరు బలం తగ్గిపోతుంది కాబట్టి, ఎంత వేశామన్నది కాక చివర ఎంత మిగిలిందన్నదే చూడాలి.

కనెక్షన్ల దగ్గర ప్రధాన అడ్డంకి డబ్బు కాదు, పట్టా. తెలంగాణలో దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాలకు ఒక్క రూపాయికే నల్లా ఇచ్చే విధానం ఉన్నా, స్థలం కాగితం దగ్గర దరఖాస్తు ఆగిపోతుంది. నల్లా ఇచ్చినంత మాత్రాన స్థలంపై హక్కు రాదని దరఖాస్తులోనే రాయించుకుని, రేషన్ కార్డునో కరెంటు బిల్లునో నివాస ఆధారంగా తీసుకోవడం తేలిక మార్గం. అద్దె ఇళ్ల విషయంలో మరో చిక్కు ఉంది. 2021 జనవరిలో హైదరాబాదులో మొదలైన ఉచిత పథకం నెలకు ఇరవై వేల లీటర్లు ఇస్తుంది, అది అయిదుగురికి 135 లీటర్ల లెక్కకు దాదాపు సరిపోతుంది. మీటరు ఉన్న చోట ఒకే నల్లా మీద నాలుగు అద్దె కాపురాలుంటే మనిషికి మిగిలేది రోజుకు 33 లీటర్లు, ఆపైన బిల్లు. సర్వే ఇళ్ల సంఖ్యతో కాక పొయ్యిల సంఖ్యతో జరగాలి.

ఇక నడిపే ఖర్చు. పైన చెప్పిన మూడు వందల ఇళ్ల బస్తీకే సొంత పంపింగు ఉందనుకుంటే, రెండు లక్షల లీటర్లను ముప్పై మీటర్ల ఎత్తుకు తోడడానికి అరవై శాతం సామర్థ్యమున్న మోటారుకు రోజుకు 27 యూనిట్లు పడుతుంది. యూనిట్ ఏడు రూపాయలైతే నెలకు సుమారు 5,700. వాల్వు మనిషి జీతం 15,000, మరమ్మతులకు 5,000, క్లోరిన్‌కూ పరీక్షలకూ 1,300 అనుకుంటే మొత్తం 27,000, అంటే ఇంటికి తొంభై రూపాయలు. నీటి ధర ఇందులో లేదు, అంకెలు మీ ఊరివి వేసుకోండి. నీరు ఉచితమైన చోట ఈ తొంభై రూపాయలు ప్రభుత్వ ఖాతా నుంచి ఏ నెలకానెల రావాలి, రాకపోతే ముందు ఆగేది మరమ్మతే. వసూలు చేసే చోట నెల బిల్లుకు బదులు వారం వారం తీసుకోవడం కూలి రాబడికి నప్పుతుంది. 2021 జులైలో ఇంటి నల్లా నీటినే నేరుగా తాగే నగరంగా ప్రకటించిన ఒడిశాలోని పూరీలో, జలసాథీలనే మహిళలు వసూలుతో పాటు నీటి పరీక్ష, ఫిర్యాదుల పని కూడా చూస్తారు. డబ్బు అడిగే మనిషే నీటి సంగతి కూడా వినడం అక్కడి కిటుకు.

బస్తీ మొగలో ఒక బల్క్ మీటరు తప్పక పెట్టించండి. ఇంటింటికీ మీటరు లేకపోయినా లోపలికి ఎంత వచ్చిందో అది చెబుతుంది, బిందె పరీక్షలో తేలిన దానికీ దీనికీ మధ్య తేడా పెరుగుతుంటే లీకేజీ వెతకాలి. ఫిర్యాదుల పుస్తకంలో తేదీ, గల్లీ, వచ్చిన సమస్యతో పాటు అది బాగైన తేదీ కూడా రాయాలి. బిందె పరీక్ష మాత్రం అవే మూడు ఇళ్లలో మూడు నెలలకోసారి, మే నెలలో తప్పనిసరిగా చేయాలి, ఎందుకంటే బోర్లు ఎండి మోటార్లు పెరిగే ఆ రోజుల్లో జనవరి అంకెలు చెల్లవు.