పాదం ఎక్స్‌రేలో ఎముక అసలు పొడవు తేల్చడం ఎలా?

ఎక్స్‌రేలో ఎముక ఎప్పుడూ అసలుకన్నా కాస్త పెద్దగానే పడుతుంది. కిరణాలు ట్యూబులోంచి విచ్చుకుంటూ వస్తాయి కాబట్టి, బొమ్మను పట్టే పలకకు, అంటే డిటెక్టర్‌కు, ఎముక ఎంత ఎడంగా ఉంటే నీడ అంత పెరుగుతుంది. బొటనవేలి వంకర కోణం చూడటానికే అయితే ఈ గొడవ అక్కర్లేదు. మడమలో వేసే స్క్రూ పొడవు ఎంచాలంటే మాత్రం తప్పదు.

25 మి.మీ. స్టీలు బేరింగ్ గోళీ, థర్మోకోల్ ముక్క, టేపు, స్కేలు ఉంటే చాలు. గోళీని ఒకసారి వెర్నియర్‌తో కొలిచి పెట్టుకోండి. రూపాయి బిళ్ల మాత్రం వద్దు. కాస్త ఒరిగిందంటే కోడిగుడ్డులా పడుతుంది.

పేషెంట్‌ను చెక్క పెట్టె మీద నిలబెట్టి, డిటెక్టర్‌ను పాదం పక్కన ఆనించి, ట్యూబును డిటెక్టర్ నుంచి 100 సెం.మీ. దూరంలో పెట్టండి. ఇది రోజూ చేసేదే.

ఇక గోళీ. అందరూ చెడగొట్టేది ఇక్కడే. సులువుగా ఉందని డిటెక్టర్‌కే అంటించేస్తారు. నేను చూసినవాటిలో సగం ఇలాంటివే. మడమ ఎముక మధ్యభాగం డిటెక్టర్‌కు 5 సెం.మీ. ఎడంగా ఉందనుకోండి. 76 మి.మీ. ఎముక 80గా పడుతుంది. డిటెక్టర్‌కు ఆనించిన గోళీ మాత్రం దాదాపు పెరగదు, దాన్ని నమ్మితే లెక్క 79 తేలుతుంది. పాదానికి అవతలి వైపు, ట్యూబు వైపున అంటిస్తే 72కు పడిపోతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువైన స్క్రూ మొన ఎముక దాటి బయటికి పొడుచుకొస్తుంది.

అందుకే మడమ వెనక లావుపాటి నరం (అకిలిస్ స్నాయువు) నడిమికి డిటెక్టర్ నుంచి ఎంత దూరమో స్కేలుతో కొలవండి. గోళీ అంచు కాదు, గోళీ *నడిమి* సరిగ్గా అంతే దూరంలో ఉండేలా థర్మోకోల్‌లో గుచ్చి మడమ వెనక నిలపండి. ఎముక మీద నీడ పడకూడదు. ఎక్స్‌పోజర్‌కు ముందు మరోసారి కొలవండి, ఎందుకంటే పేషెంట్ కదులుతాడు. నేనైతే రెండుసార్లు కొలవందే బటన్ నొక్కను.

స్క్రీన్ మీద గోళీని అడ్డంగా, నిలువుగా కొలవండి. 26.3 వచ్చిందనుకుంటే, 26.3ను 25తో భాగిస్తే 1.052. ఎముక కొలత 80ని దీంతో భాగిస్తే 76.

కొందరు తుంటి ఎక్స్‌రేలో బొమ్మ పెరిగిందని లెక్కేసే 20 శాతాన్నే పాదానికీ తగిలిస్తారు, అది శుద్ధ దండగ. ఇంకొందరు ట్యూబు దూరాలు కొలిచి ఫార్ములా వేస్తారు. లెక్క తప్పు కాదు, కానీ ప్రింటు తీసేటప్పుడు మెషీన్ బొమ్మను ఫిల్ముకు పట్టేలా కుదిస్తే ఆ ఫార్ములా ఆదుకోదు. గోళీ కూడా ఎముకతో పాటే కుదించుకుపోతుంది కాబట్టి, ఆ ఫిల్ము మీద స్కేలు పెట్టి రెండూ కొలుచుకున్నా లెక్క కుదురుతుంది.