గోవా క్యాసినో ట్రిప్ వేస్తున్నారా? రూమ్ ఎక్కడ తీసుకోవాలంటే...

బెజవాడ, గుంటూరు నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో గ్యాంగ్‌గా గోవా వెళ్లేవాళ్లు ముందు చూసేది "క్యాసినో ఉన్న ఫైవ్‌స్టార్ రిసార్ట్". నన్నడిగితే అది దండగ. పెద్ద క్యాసినోలు పణజిలో మాండవి నది మీద ఓడల్లోనే ఉన్నాయి. ఊళ్లో మామూలు లాడ్జి తీసుకుని ఆటకి ఓడెక్కితే చాలు. శని, ఆదివారాలు వద్దు, ఎంట్రీ రేటూ రద్దీ రెండూ ఎక్కువ.

ఎంట్రీ ప్యాకేజీలో భోజనం, మందుతో పాటు కొన్ని చిప్స్ (డబ్బు బదులు పందెం కాసే బిళ్లలు) ఇస్తారు. వాటిని నేరుగా డబ్బుగా మార్చుకోవచ్చా, ఆడితీరాలా అన్నది కౌంటర్‌లోనే అడగండి. చాలావరకు ఆడటానికే.

అసలు తేడా టేబుల్ దగ్గర ఉంటుంది. రౌలెట్ (తిరిగే అంకెల చక్రంలో బంతి ఏ అంకె మీద ఆగుతుందో పందెం కాసే ఆట) చక్రంలో ఒకే సున్నా ఉంటే, కాసే ప్రతి 100 రూపాయల్లో సగటున 2.70 క్యాసినోవాడికి పోతాయి. రెండు సున్నాలుంటే 5.26! బ్లాక్‌జాక్‌లో (21 దాటకుండా దానికి దగ్గరగా రావాల్సిన పేకాట) 3:2 చెల్లింపు, అంటే మొదటి రెండు ముక్కలకే 21 పడితే 100కి 150 ఇచ్చే టేబులే చూసుకోండి, 6:5 (100కి 120) అయితే లేచి వచ్చేయండి. కనీస పందెం ఎంతో కూర్చోకముందే కనుక్కోండి.

21 ఏళ్లు నిండని తమ్ముళ్లకి లోపలికి ప్రవేశం లేదు. ఐడీ కార్డు మర్చిపోకండి.