సైజెంతమ్మా అంటే 34 అని చెప్తే సగమే చెప్పినట్టు

కోఠీ అయినా, బీసెంట్ రోడ్డయినా బ్రా కొనే కథ ఒకటే. కౌంటర్ వెనకున్నాయన "సైజెంతమ్మా?" అంటాడు, మనం పక్కన ఎవరైనా వింటున్నారేమో చూసుకుని "34" అని గొణుగుతాం, ఆయన నాలుగు డబ్బాలు ముందు పడేస్తాడు, రంగు చూసి ఒకటి తీసుకుని బయటపడతాం. కానీ 34 అంటే పట్టీ సైజు మాత్రమే. పక్కన ఉండే ఎ, బి, సి, డి అక్షరం కప్పు సైజు, అది చెప్పకపోతే ఆయన చేతికందింది ఇస్తాడు.

నేను డిగ్రీలో ఉన్నప్పుడు అమ్మ 36బి కొంది. పదేళ్లు అదే సైజు వాడాను. వెనక పట్టీ వీపు మీదికి ఎక్కేది, అది దిగాలని స్ట్రాపులు బిగించేదాన్ని, సాయంత్రానికి భుజాల మీద ఎర్రగా గాట్లు పడేవి. నా ఒళ్లే అంత అనుకున్నాను తప్ప సైజు తప్పేమో అన్న అనుమానమే రాలేదు. అసలు బరువు మోయాల్సింది రొమ్ము కింద చుట్టూ ఉండే పట్టీ, స్ట్రాపులు కాదు. పట్టీ వదులైతే భారమంతా భుజాల మీద పడుతుంది, అంతే.

ఇప్పుడు కొలత. టైలర్ టేపు ఉంటే సరే, లేకపోతే లంగా బొందు చుట్టుకుని, రెండు కొసలు కలిసిన చోట పెన్నుతో గుర్తు పెట్టి, పిల్లల స్కేలుతో కొలవండి. మొదటి కొలత రొమ్ము కింద, ఊపిరి వదిలేసి, కాస్త బిగుతుగా. టేపు వెనక వైపు పైకో కిందికో పోకుండా అద్దంలో చూసుకోండి, చాలామందికి తప్పు ఇక్కడే జరుగుతుంది. రెండోది రొమ్ము బాగా ఎత్తుగా ఉన్నచోట, ప్యాడ్ లేని పలచటి బ్రా వేసుకుని, టేపు ఊరికే ఆనేలా. పీరియడ్స్‌కి ముందు వారం కొలవకండి, అప్పుడు చాలామందికి రొమ్ములు కొంచెం ఉబ్బి ఉంటాయి.

లెక్కలో ఒక తిరకాసు ఉంది. ఉదాహరణకి కింద కొలత 31 అంగుళాలు, పైన 35 అనుకుందాం. ఒక పద్ధతిలో 31ని పక్కనున్న సరిసంఖ్యకి పెంచి 32 అంటారు, 35లోంచి 32 తీస్తే 3, అంగుళానికో అక్షరం చొప్పున సి, అంటే 32సి. పాత పద్ధతిలో 31కి 4 కలిపి, 35ని 36కి పెంచి, పై కొలత దానికన్నా తక్కువే కాబట్టి 36 పట్టీకి అన్నిటికన్నా చిన్న కప్పు అంటారు. రెండూ ఒకే మనిషికి! కంగారు పడకండి, 32సి, 34బి, 36ఎ ఈ మూడింటిలోనూ కప్పు లోతు దాదాపు ఒకటే, మారేది పట్టీయే. అందుకే కంపెనీ చార్టు చూశాక కూడా అనుమానంగా ఉంటే మధ్యలో ఉన్న 34బి వేసి చూడండి. పట్టీ వదులైతే 32సి, ఊపిరాడకపోతే 36ఎ.

ఫారిన్ నుంచి చుట్టాలు తెచ్చిన వాటి మీద 70, 75, 80 అని ఉంటే మన లెక్కలో వరసగా 32, 34, 36.

ట్రయల్ వేసేటప్పుడు కొత్త బ్రాని చివరి హుక్కు, అంటే అన్నిటికన్నా వదులుగా ఉండే హుక్కు పెట్టుకుని చూడండి. వాడేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, అప్పుడు లోపలి హుక్కులు పనికొస్తాయి. మొదటి రోజే లోపలి హుక్కుకి పోతే ఇంక బిగించడానికేముంది? ముందుకు వంగి, చంక వైపున్నదంతా చేత్తో కప్పులోకి సర్దుకుని నిటారుగా నిలబడండి. ఇది చేయకుండా చూసుకున్న సైజు సైజే కాదని నా గట్టి అభిప్రాయం. ఇప్పుడు పైనుంచో చంక పక్కనుంచో పొంగితే కప్పు చిన్నది, ముడతలు పడితే పెద్దది. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, చెయ్యంతా దూరకూడదు. చేతులు పైకెత్తండి, పట్టీ రొమ్ము మీదికి జరిగితే ఒక సైజు తగ్గించి కప్పు ఒక అక్షరం పెంచండి. చాలామంది పొంగుతోంది అనగానే 34 నుంచి 36కి వెళ్లిపోతారు, కావాల్సింది 34లోనే పెద్ద కప్పు. ఒకవైపు పెద్దగా ఉంటే పెద్దదానికే సైజు తీసుకోండి, అందరికీ అంతో ఇంతో తేడా ఉంటుంది.

కుర్తీలకి ఇంత తలనొప్పి లేదు. మీకు బాగా సరిపోయే కుర్తీని మంచం మీద పరిచి, చంక నుంచి చంకకి కొలిచి రెండుతో గుణించండి. ఆన్‌లైన్ చార్టులో ఉన్నది బట్ట కొలతో ఒంటి కొలతో చదవండి, బట్ట కొలతైతే మీ ఛాతీ కన్నా రెండంగుళాలు ఎక్కువుండాలి. ఎం, ఎల్ అక్షరాలని నమ్మకండి, ఒక్కో కంపెనీది ఒక్కో లోకం. నడుము దగ్గర వదులైతే కుట్టు వేయించి బిగించుకోవచ్చు గానీ భుజం పెద్దదైతే సరిచేయడం కష్టం, కాబట్టి ముందు భుజం చూడండి. కాటన్‌ది అయితే ఒకసారి ఉతికాకే టైలర్‌కివ్వండి.

జాకెట్టు కొలతలకు వెళ్లేటప్పుడు, దాని లోపల ఏ బ్రా వేసుకుంటారో అదే వేసుకుని వెళ్లండి. నేను సైజు మార్చాక పాత జాకెట్లు వేసుకుంటే ముందు టక్కులన్నీ ఉండాల్సిన చోటు కన్నా అంగుళం కిందకొచ్చాయి. పదకొండు జాకెట్లు మూటగట్టి టైలర్ దగ్గరికి తీసుకెళ్తే, ఒక్కోటి తిప్పి చూసి "ఇవి ఎవరు కుట్టారమ్మా ఇలా?" అన్నాడు. అన్నీ ఆయన కుట్టినవే.