చిన్న పనిముట్లు, విడి భాగాలు: ఇబ్బందిని బట్టి డబ్బా

విజయవాడలో ఇంటి పనిగది అంటే చాలామందికి మెట్ల కింది ఖాళీ, మేడ మీది రేకుల గది, లేదంటే బాల్కనీలో ఒక మూల. డ్రిల్లింగ్ మిషన్, సుత్తి, పెద్ద పానాలతో అక్కడ పేచీ ఉండదు, ఎక్కడ పెట్టినా కంటపడతాయి. ఏడిపించేవి చిన్నవి: స్క్రూలు, వాషర్లు, గోడ ప్లగ్గులు (స్క్రూ పట్టడానికి గోడ రంధ్రంలో దించేవి), డ్రిల్ బిట్లు, ఫ్యూజులు, కుళాయి వాషర్లు. అవసరానికి అవి దొరకకపోతే ఇంట్లోవాళ్లు "సర్దుకోవడం చేతకాదు" అనేస్తారు. నేను ఒప్పుకోను. ఆదివారం పొద్దంతా కూర్చుని సర్దినవాళ్లకు కూడా బుధవారానికి వాషరు కనబడదు. తప్పు చాలావరకు డబ్బాది, దాన్ని పెట్టిన చోటుది. కాబట్టి కొత్తది కొనే ముందు, ఇప్పుడున్న ఏర్పాటు ఎక్కడ చెడుతోందో పట్టుకోవాలి. ఒక్కో ఇబ్బందినీ కారణంతో సహా కింద రాస్తున్నాను. మీకు పట్టింది చదివి మిగతాది వదిలేసినా నష్టం లేదు.

సమస్య: ఇంట్లో ఉన్నదే మళ్లీ కొంటున్నారు

కారణం: లోపల ఏముందో బయటికి కనిపించని డబ్బా. బిస్కెట్ల రేకు డబ్బా, స్వీట్ల అట్టపెట్టె, చెప్పుల పెట్టె, అన్నీ ఈ కోవలోవే. మూత తీస్తే పైన పడి ఉన్నదే కనిపిస్తుంది. నాలుగు వేళ్ల లోతు దాటాక అడుగున ఉన్న వస్తువు ఉన్నా లేనట్టే. వన్ టౌన్‌కు వెళ్లి ఆరు స్క్రూలు అడిగితే ప్యాకెట్ చేతిలో పెడతారు. మిగిలినవి అదే డబ్బాలోకి చేరి మరింత కిందికి పోతాయి.

పరిష్కారం: లోతు తక్కువ, మూత పారదర్శకం. చిన్న స్క్రూలకు నాలుగైదు సెంటీమీటర్ల లోతు చాలు. పేరు రాసిన చీటీని మూత మీద కాక డబ్బా ముందు భాగాన అంటించండి. ఒకే రకం డబ్బాలు నాలుగుంటే మూతలు మారిపోతాయి, మూతతోపాటే పేరూ మారిపోతుంది. చీటీ మీద కొలత కూడా ఉండాలి: "ఎం4, 20 మిల్లీమీటర్లు" అని, అంటే మందం 4 మిల్లీమీటర్లు, పొడవు 20. ఒక స్క్రూను బయటే టేపుతో అంటిస్తే ఇంకా మంచిది, అప్పుడు చీటీ చదవనివాళ్లు కూడా సరైన డబ్బా తెచ్చిస్తారు.

ప్లాస్టిక్‌లో తేడా చూసుకోండి. గాజులా తళతళలాడుతూ, వేలితో కొడితే టక్కుమనేది పాలీస్టైరీన్. అందంగా ఉంటుంది కానీ ఒకసారి గచ్చు మీద పడితే మూల విరుగుతుంది. కొంచెం పాలరంగుగా, వంచితే వంగేది పాలీప్రొపైలిన్. డబ్బా అడుగున త్రికోణంలో 5 ఉంటే ఇది, 6 ఉంటే అది. మూత మడత డబ్బాతో కలిసే ఉండే రకమైతే కచ్చితంగా 5 చూసి తీసుకోండి. వేలసార్లు మడిచినా తట్టుకునేది అదే. అయితే దాన్ని కూడా మేడ మీద ఎండలో పెట్టకండి. మన వేసవి రెండు చూసేసరికి పెళుసుబారుతుంది.

సమస్య: గళ్ల డబ్బాలో అన్నీ కలిసిపోతున్నాయి

కారణం: మూతకూ గడి గోడకూ మధ్య సందు. అడ్డుపలకలు తీసి పెట్టుకునే రకమైతే పలక అడుగున కూడా సందు ఉంటుంది. డబ్బాను నిలువుగా పట్టుకుని నడిస్తే సన్నని వాషర్లు ఆ సందులోంచి పక్క గడిలోకి జారతాయి.

పరిష్కారం: దుకాణానికి వెళ్లేటప్పుడు జేబులో ఎం3 వాషర్లు నాలుగు వేసుకోండి. నచ్చిన డబ్బా తీసుకుని, వాటిని మూల గడిలో వేసి, మూత బిగించి, తలకిందులు చేసి గట్టిగా ఊపండి. మూత తీస్తే నాలుగూ అదే గడిలో ఉండాలి. ఒక్కటి పక్కకు పోయినా ఆ డబ్బా ఫ్యూజులకు, గోడ ప్లగ్గులకు తప్ప మరి దేనికీ పనికిరాదు. దుకాణదారు విచిత్రంగా చూస్తాడు, చూడనివ్వండి.

డబ్బు పెట్టగలిగితే విడివిడి గిన్నెలు పెట్టెలో అమరే రకం అన్నిటికంటే మేలు. కావలసిన గిన్నె ఒక్కటే పైకి తీసి పని దగ్గరికి పట్టుకెళ్లవచ్చు. పని అయ్యాక మిగిలినవి గిన్నెతోనే తిరిగి వస్తాయి.

సమస్య: తుప్పు

మన ఊళ్లో ఎక్కువ నష్టం దీనివల్లే. అయితే తుప్పు పట్టిందనగానే తేమ అని తేల్చేయకండి. తుప్పు ఏ తీరులో ఉందో చూస్తే కారణం దానంతట అదే బయటపడుతుంది.

జూన్ నుంచి నవంబరు దాకా అన్ని వస్తువుల మీదా పలుచగా, సమానంగా వస్తే అది గాలిలోని తేమ. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. పక్కన కృష్ణ, ఊరి మధ్య మూడు కాలువలు, పైగా వానాకాలం. ఇక్కడ ఆ గీత దాటని రోజు అరుదు.

వేలిముద్రల ఆకారంలో మరకలు ఉంటే అది చెమట. చెమటలోని ఉప్పు పని చేసిన రాత్రే తుప్పు మొదలుపెడుతుంది. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

వస్తువు అట్టకో, చెక్కకో, న్యూస్ పేపర్‌కో తగిలిన వైపే పడితే ఆ కింద పరిచినదే కారణం. అవి తేమను పీల్చి పట్టి ఉంచుతాయి. తీసేసి ప్లాస్టిక్ షీటు పరచండి.

సీసాలోని మేకులు మాత్రమే పాడైతే ఆ సీసా చరిత్ర అడగండి. ఆవకాయ సీసా ఎంత కడిగినా మూత లోపలి రబ్బరులో ఉప్పు మిగులుతుంది. మూత మార్చండి, లేదా ఆ సీసాను వంటింటికి తిరిగి ఇచ్చేయండి.

రేకుల గదిలో, అందులోనూ చలికాలం ఉదయాల్లో, పై అర మీదివే చెడితే పైకప్పు రేకు చూడండి. రాత్రికి రేకు చల్లబడి లోపలి వైపు నీటి చుక్కలు కడతాయి, అవి కిందికి రాలతాయి. పై అరకు ప్లాస్టిక్ షీటు కప్పండి, గదికి గాలి ఆడేలా చూడండి.

ఇక మే నెల మండుటెండల్లో కూడా, అదీ వారం పది రోజుల్లోనే ఎర్రగా పడితే తేమను వదిలేసి గదిలో వెతకండి. ఎక్కడో బాత్రూం యాసిడ్ సీసా ఉంటుంది. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మూత బిగించినట్టే కనిపించినా ఆవిరి సన్నగా వస్తూనే ఉంటుంది, గదిలోని ఇనుమునంతా తినేస్తుంది. బ్లీచింగ్ పౌడర్ సంచీ కూడా ఇలాంటిదే. మెట్ల కింద పనిగది పెట్టుకున్నవాళ్లు మరొకటి చూడాలి: ఇన్వర్టర్ బ్యాటరీ. నీళ్లు పోసే రకం బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు సన్నని ఆమ్లపు తుంపర వదులుతుంది. దాంతోపాటు హైడ్రోజన్ కూడా వస్తుంది కాబట్టి దాని పక్కన గ్రైండర్ నిప్పురవ్వలు అసలు పడకూడదు. యాసిడ్, బ్లీచింగ్ బయటికి వెళ్లేదాకా, పనిముట్లు బ్యాటరీకి దూరంగా జరిగేదాకా ఎంత ఖరీదైన డబ్బా కొన్నా దండగే.

కారణం తొలగాక మందు. ఉన్న తుప్పును స్టీల్ ఊలుతో రుద్ది తీసి, కుట్టుమిషన్ నూనె పలుచగా పూయండి. వంటనూనె వద్దు, కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్ము పట్టుకుంటుంది. ఆకురాళ్లకు మాత్రం ఏ నూనే రాయకండి, ఇనుప రజను అంటుకుని పళ్లు పూడుకుపోతాయి. డ్రిల్ బిట్లు, సన్నని కొలతలు తీసే వెర్నియర్, ఆకురాళ్లు, మర కోసే ట్యాపులు, ఇలా పదును, కొలత ముఖ్యమైనవాటికి మూత చుట్టూ రబ్బరు వలయం ఉన్న డబ్బా తీసుకుని అందులో సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) వేయండి. మామూలు డబ్బాలో సిలికా జెల్ వేయడం బందరు కాలువను చెంబుతో తోడటమే. బయటి గాలి వస్తూనే ఉంటుంది, జెల్ రెండు రోజుల్లో నిండిపోతుంది. నారింజ రంగు గుళికలు ఆకుపచ్చగా మారితే నిండాయని అర్థం. 110 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం. వంట పాత్రల్లో దాన్ని వేడి చేయకూడదు. నారింజ రకమే కొనండి, దానికైనా పాత పెనం ఒకటి విడిగా కేటాయించండి.

మరో మాట. వాన పడుతున్న సాయంత్రం గట్టి మూత బిగిస్తే ఆ తేమనే లోపల బంధిస్తారు. ఎండ కాసే మధ్యాహ్నం సర్ది, అప్పుడు మూయండి.

సమస్య: అర వంగింది, సొరుగు లాగితే రావడం లేదు

కారణం: ఇనుము బరువును తక్కువగా అంచనా వేయడం. లీటరు ఉక్కు దాదాపు 7.85 కిలోలు. స్క్రూల మధ్య గాలి ఉంటుంది కాబట్టి లీటరు డబ్బా నిండా స్క్రూలు పోస్తే మూడు నాలుగు కిలోలు తూగుతుంది. ప్లాస్టిక్ సొరుగుల స్టాండు ఇలాంటివాటికి చేసింది కాదు.

పరిష్కారం: బరువైన వస్తువుకు చిన్న డబ్బా, తేలికైనదానికి పెద్ద డబ్బా. మేకులు, బోల్టులు అర లీటరు దాటని డబ్బాల్లో, నడుము ఎత్తున ఉండాలి. ప్లగ్గులు, వైరు ముక్కలు, టేపులు పైకి వెళ్లవచ్చు. గోడకు బిగించే ర్యాక్ అయితే తొమ్మిది అంగుళాల గోడకే బిగించండి. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ ఆ బరువు, కుదుపులు తట్టుకోదు, పూత మాత్రమే పట్టుకున్న ప్లగ్గు ఒక రోజు మొత్తాన్ని కింద పడేస్తుంది.

సమస్య: స్క్రూడ్రైవర్ పిడి ట్రేకు అతుక్కుపోయింది

మెత్తని పీవీసీలో దాన్ని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం ఉంటుంది. అది పాలీస్టైరీన్, ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ ట్రేల్లోకి దిగి వాటిని కరిగిస్తుంది. వైర్ల చుట్టలు, మెత్తటి పిడుల పనిముట్లు అలాంటి ట్రేలో వేసవంతా కదలకుండా ఉంటే ఇదే జరుగుతుంది. థర్మోకోల్‌కు వైరు తగిలినా అంతే. పాలీప్రొపైలిన్ ట్రేకు మార్చండి. చేతిలో అది లేకపోతే మధ్యలో మందపాటి కాగితం వేసి, వానలు మొదలవగానే తీసేయండి.

సమస్య: నట్టు రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది

అంగుళాల బోల్టులు, మిల్లీమీటర్ల బోల్టులు ఒకే డబ్బాలో ఉన్నాయి. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు, కంటికి ఎం6 లాగే ఉంటుంది. మరల మధ్య దూరం వేరు. పానా పెట్టి బలవంతం చేస్తే మరలు పోతాయి. చేత్తో చివరిదాకా తిరిగే నట్టుతో ఒక్కో బోల్టును పరీక్షించి రెండు డబ్బాలుగా విడదీయండి. అంగుళాల డబ్బాకు ఎర్ర టేపు చుట్టండి.

సమస్య: పని ఒక చోట, వస్తువులు మరో చోట

వంటింట్లో కుళాయి కారుతుంటే మేడకూ కిందికీ తిరగడమే పనవుతుంది. దీనికి కారణం వస్తువులను రకాన్ని బట్టి మాత్రమే సర్దడం. స్క్రూలన్నీ ఒకచోట, టేపులన్నీ ఒకచోట ఉంటే చూడటానికి బాగుంటుంది, పనికి బాగుండదు.

ఆటోనగర్‌లో మంచి మెకానిక్ చేతికింద చూడండి. విప్పిన బోల్టులు ఒక ట్రేలోకి వెళ్తాయి, ఆ ట్రే ఆ బండి పక్కనే ఉంటుంది. ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టవచ్చు. నిల్వ రకాన్ని బట్టి ఉండనివ్వండి, తరచూ వచ్చే పనులకు మాత్రం పిడి ఉన్న చిన్న పెట్టెలు విడిగా చేయండి. కుళాయి పెట్టెలో టెఫ్లాన్ టేపు, వాషర్లు, సైజు మార్చుకునే పానా. కరెంటు పెట్టెలో టెస్టరు, ఇన్సులేషన్ టేపు, ఫ్యూజు వైరు, చిన్న టార్చి. ఈ రెండోది మెయిన్ బోర్డు దగ్గరే ఉండాలి, కరెంటు పోయిన చీకట్లో మెట్లెక్కి వెతికే అవసరం రాకూడదు. టెస్టరు రెండు కొనడం దుబారా అనిపించవచ్చు. కాదు.

సమస్య: నేల మీద పెట్టెలకు చెదలు, నీళ్లు

అట్టపెట్టెను గోడకు ఆనించి నేల మీద పెడితే చెదలకు దారి వేసినట్టే. ర్యాక్‌ను గోడకు రెండు అంగుళాలు ఎడంగా జరిపితే మట్టి గీత రాగానే కనిపిస్తుంది. ఇక నీళ్ల సంగతి: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ చుట్టుపక్కల ఇళ్లలోకి నీరు వచ్చినప్పుడు కింది అరల్లోని సామాన్లు రోజుల తరబడి బురదనీటిలో నానాయి. లోతట్టున ఇల్లున్నవాళ్లు మోటారు ఉన్న పనిముట్లను, బ్యాటరీలను ఛాతీ ఎత్తుకు కింద పెట్టకూడదు. మునిగిన చేతి పనిముట్లను మంచినీటితో కడిగి, బాగా ఆరబెట్టి, నూనె పూస్తే చాలావరకు దక్కుతాయి. మునిగిన డ్రిల్లును మాత్రం మెకానిక్ విప్పి ఆరబెట్టేదాకా ప్లగ్గులో పెట్టకండి.

సమస్య: పాత బటన్ బ్యాటరీలు స్క్రూల డబ్బాలో

ఇది వెంటనే సరిచేయాలి. స్క్రూ రెండు వైపులా తగిలితే బ్యాటరీ వేడెక్కుతుంది. చిన్నపిల్లలు బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, ఆ అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్కో దానికీ రెండు వైపులా టేపు వేసి, పిల్లలు తీయలేని మూత ఉన్న డబ్బాలో, పై అర మీద ఉంచండి.

సమస్య: ఎక్కడా చేరని మిగులు సామాను

ఏ యంత్రానిదో తెలియని స్ప్రింగు, ఒంటరి క్లిప్పు, రెండు రకాల బుషింగులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. వాటి కోసం కొత్త గళ్లు చేస్తూ పోతే డబ్బాలకు అంతుండదు. మూత లేని చిన్న ట్రే ఒకటే పెట్టండి, రెండోది వద్దు. అది నిండిన రోజు బల్ల మీద బోర్లించి, పేరు చెప్పగలిగినవాటిని వాటి గడికి పంపి, మిగతాది పాత ఇనుముకు వేసేయండి.