పళ్లెం పట్టుకొచ్చే మనిషిని చూడ్డం ఎలాగ

పాత అమెరికా కామెడీని ముందు మామూలుగా చూసేయండి. నవ్వొస్తే నవ్వండి. మొదటిసారే పెన్నూ కాగితం పట్టుకుంటే సినిమా చేదెక్కిపోద్ది. శ్రీకాకుళంలో మా ఇంట్లో ఆదివారం రాత్రుళ్లు నేనూ మా తమ్ముడి కూతురూ ఇలాగే మొదలెడతాం.

రెండోసారి హీరోని వదిలేయండి. తలుపు తీసేవాళ్లు, కాఫీ తెచ్చేవాళ్లు, రైల్లో పెట్టెలు మోసేవాళ్లు, వీళ్లనే చూడండి. పేరుందా? ఇంటిపేరుందా? ఎవరూ అడక్కుండా నోరు విప్పారా? నవ్వొచ్చింది వాళ్లన్న మాటకా, అన్న తీరుకా? ఈ ఆఖరిదానికి తొందరపడి జవాబు రాయకండి. వెనక్కి జరిపి మళ్లీ చూడండి.

చెయ్యి తిరగడానికి 1948 నాటి ‘మిస్టర్ బ్లాండింగ్స్ బిల్డ్స్ హిజ్ డ్రీమ్ హౌస్’ మంచిది. అందులో హీరో క్యారీ గ్రాంట్ ప్రకటనలు రాసే ఉద్యోగి. పంది మాంసం అమ్మడానికి ఒక్క నినాదం తట్టక జుట్టు పీక్కుంటాడు, ఉద్యోగం ఊడేలా ఉంటుంది. ఆ నినాదం చివరికి పిల్లలకి టిఫిన్ పెడుతున్న పనిమనిషి గస్సీ నోటంట అలవోకగా వచ్చేస్తుంది. ఆ పాత్ర వేసింది నల్లజాతి నటి లూయీస్ బీవర్స్. ఆయన ఉద్యోగం నిలబడుతుంది, ఆవిడ జీతం పది డాలర్లు పెరుగుతుంది. “అత్తా, ఆ కుర్చీ ఆవిడకివ్వాలి కదా!” అంది మా మేనకోడలు. అంత మంచి ప్రశ్న నా కాగితంలో లేదు.

సినిమాలో లేనివాళ్లనీ లెక్కెయ్యాలి. 1934 నుంచి 1968 దాకా స్టూడియోల మీద హేస్ కోడ్ పెత్తనం నడిచింది, సినిమాలో ఏం చూపించొచ్చో ఏం కూడదో చెప్పే నియమాల పట్టీ అది. తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ ప్రేమ చూపించకూడదన్న నియమం అందులో చాలాకాలం ఉంది. అందుకే సంవత్సరం తప్పకుండా రాసుకోండి.

తర్వాత రంగు కింద ఎవరున్నారో చూడండి. 1961లో ‘బ్రేక్‌ఫస్ట్ ఎట్ టిఫనీస్’లో మిక్కీ రూనీ ఎత్తుపళ్లు పెట్టుకుని జపానువాడయ్యాడు. 1968లో ‘ద పార్టీ’లో ఇంగ్లీషు నటుడు పీటర్ సెల్లర్స్ మొహానికి రంగు పూసుకుని బక్షీ అనే మనవాడయ్యాడు. రెండింటికీ దర్శకుడు బ్లేక్ ఎడ్వర్డ్సే. అలాగని ఒకే గాటన కట్టకండి. జపాను ఆయన ఉన్నదే నవ్వులాటకి. బక్షీ మాత్రం ఆ విందుకొచ్చిన పెద్దమనుషుల కన్నా మర్యాదస్తుడు. నేను నవ్వాను కూడా. అతని ఉచ్చారణ దగ్గరే ఏదో గొంతుకడ్డం పడింది.

అది నాకు పాత సంగతే. తెలుగు సినిమాలో పనోడు మా యాసలో “ఏటి బావూ” అనగానే హాలంతా గొల్లుమనేది. ఇక్కడి హాల్లో మేమే ఇంకా గట్టిగా నవ్వేవాళ్లం. మా ఊరి ఏడు రోడ్ల జంక్షన్‌లో అదే మాట రోజుకి వందసార్లు వింటాం, ఎవరికీ నవ్వురాదు.

కాబట్టి ఆ కాగితాన్నే ఒక తెలుగు సినిమాకీ వాడండి. మొన్న మేం వాడాం. మేనకోడలి కాగితంలో పేరు దగ్గర ఖాళీ. నవ్వెందుకొచ్చింది అన్నచోట “నాయనమ్మలాగ మాట్లాడినందుకు” అని రాసింది.