చవితి పందిళ్ళ సీజన్ ముందు: లాప్‌టాప్‌లో డాంటే నడిపే సౌండ్ వాళ్ళకి కొన్ని జాగ్రత్తలు

చవితి నుంచి దసరా దాకా సౌండ్ వాళ్ళకి ఊపిరి తీసుకునే టైమ్ ఉండదు, పైగా ఇప్పుడు ప్రతి కమిటీకీ యూట్యూబ్ లైవ్ కావాలి, పాటకచేరీ అయితే మల్టీట్రాక్ రికార్డింగ్ (ఒక్కో మైకు విడివిడి ట్రాకులో) కూడా అడుగుతున్నారు, దాంతో మిక్సర్ పక్కన లాప్‌టాప్, అందులో డాంటే వర్చువల్ సౌండ్‌కార్డ్ మామూలైపోయింది. డాంటే అంటే నెట్‌వర్క్ కేబుల్ మీద సౌండ్ పంపే పద్ధతి, వర్చువల్ సౌండ్‌కార్డ్ అంటే లాప్‌టాప్‌ని ఆ నెట్‌వర్క్‌లో కలిపే సాఫ్ట్‌వేర్. సాఫ్ట్‌వేర్ మంచిదే, ఒక్క నెట్‌వర్క్ కేబుల్ మీద 48 కిలోహెర్ట్జ్‌లో 64 ఛానెళ్ళు లోపలికి, 64 బయటికి, ఇంకేం కావాలి. కాకపోతే నా లెక్క ఒకటే: రికార్డింగ్‌కి, లైవ్‌కి, మధ్యలో వేసే ట్రాకులకి లాప్‌టాప్ ఓకే, మైకు నుంచి బాక్సుల దాకా వెళ్ళే దారిలో మాత్రం అది ఉండకూడదు.

ఎందుకంటే లేట్. వర్చువల్ సౌండ్‌కార్డ్‌లో 4, 6, 10 మిల్లీసెకండ్లు అని సెట్టింగ్ ఉంటుంది, 10 పెట్టారనుకోండి, పోను 10 రాను 10, దానికి తోడు లాప్‌టాప్ సౌండ్‌ని కాస్త పోగేసుకునే బఫర్ 256 శాంపిల్స్ అంటే ఒక్కోవైపు ఇంకో 5 పైన, మొత్తం 30 దాటుతుంది. సింగర్ ఇయర్ మానిటర్‌లో తన గొంతు తనకే వెనకాల వినపడితే పల్లవిలోనే ఆగిపోయి మీ వైపు చూస్తారు. గొంతుకి లాప్‌టాప్ ప్లగిన్ రివర్బ్ వేద్దామనే సరదా ఇంట్లో తీర్చుకోండి, పందిట్లో మిక్సర్‌లో ఉన్న రివర్బ్ చాలు.

అసలు ముందు మీ మిక్సర్‌లో డాంటే ఉందా లేదా చూసుకోండి. యమహా సీఎల్, క్యూఎల్‌లో లోపలే ఉంటుంది, టీఎఫ్‌కి కార్డ్ వేయాలి. బెరింగర్ ఎక్స్32 వెనకాల నెట్‌వర్క్ సాకెట్లలా కనపడేవి ఏఈఎస్50 అనే వేరే ఆడియో లింక్‌వి, అదీ క్యాట్ కేబులే గానీ డాంటే కాదు, దాన్ని స్విచ్‌కి గుచ్చితే ఏమీ రాదు. ఎక్స్32 ఉన్నవాళ్ళు యూఎస్‌బీలో 32 ట్రాకులు తీసుకోవడమే హాయి, డాంటే కార్డ్ కోసం డబ్బులు పెట్టక్కర్లేదు.

ఇక క్లాక్, అంటే అన్ని పెట్టెలకీ కలిపి ఒకే టైమింగ్. డాంటేలో అన్ని పెట్టెలూ పాటలో తాళంలా ఒక్క లెక్కకే నడవాలి, ఆ తాళం వేసేది మీ లాప్‌టాప్ కాదు, వర్చువల్ సౌండ్‌కార్డ్‌కి ఆ పని రాదు, నెట్‌వర్క్‌లో కనీసం ఒక హార్డ్‌వేర్ డాంటే పెట్టె ఉండాల్సిందే. ఏ ఛానెల్ ఎక్కడికి వెళ్ళాలో కలిపే సాఫ్ట్‌వేర్ డాంటే కంట్రోలర్, అందులో మిక్సర్‌కి ప్రిఫర్డ్ లీడర్ టిక్ పెట్టేయండి. శాంపిల్ రేట్ (సెకనుకి సౌండ్‌ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) కూడా రెండు వైపులా ఒకటే ఉండాలి, ఒకటి 44.1 ఒకటి 48 కిలోహెర్ట్జ్ అయితే రౌటింగ్ దగ్గర పచ్చ టిక్ రాదు.

పందిట్లో ఎక్కువ దెబ్బ తగిలేది మాత్రం కరెంట్ దగ్గర. కరెంట్ పోయి జనరేటర్ అందుకునేలోపు మిక్సర్ యూపీఎస్ మీద బతికే ఉంటుంది, కింద టేబుల్ కాలు దగ్గర పడేసిన చిన్న స్విచ్ మాత్రం ఆరిపోయి మళ్ళీ మొదటి నుంచి లేస్తుంది, ఆ కాసేపు స్టేజ్ మీద మైకులు గుచ్చే స్టేజ్ బాక్స్ మొత్తం మూగ. ఆ స్విచ్‌ని కూడా అదే యూపీఎస్ మీద పెట్టండి. స్విచ్ గిగాబిట్‌దే ఉండాలి, గ్రీన్ ఈథర్నెట్ అని కరెంట్ ఆదా చేసే ఆప్షన్ ఉంటే తీసేయండి, క్లాక్‌ని పాడు చేసేది అదే. మిక్సర్ డైసీ చైన్ మోడ్‌లో (రెండు పోర్టులూ లోపల కలిసి ఉండే సెట్టింగ్) ఉండగా ప్రైమరీ, సెకండరీ పోర్టులు రెండూ ఒకే స్విచ్‌కి గుచ్చితే లూప్ పడి అంతా కొట్టుకుపోతుంది, సెకండరీ పెట్టుకోవాలంటే రిడండెంట్ మోడ్‌లోకి (రెండో లైను స్పేర్‌గా ఉండే సెట్టింగ్) మార్చి వేరే స్విచ్ పెట్టాలి, అప్పుడు కూడా లాప్‌టాప్‌కి ఆ రెండో లైను పనికిరాదు, లాప్‌టాప్‌ని ప్రైమరీకే గుచ్చాలి.

వైఫై మీద డాంటే ఆడియో వర్చువల్ సౌండ్‌కార్డ్‌తో వద్దు, వైర్ ఒక్కటే దారి. వైఫైలో పంపాల్సిందే అంటే వాయిస్‌మీటర్ అనే విండోస్ మిక్సర్ సాఫ్ట్‌వేర్‌లో నెట్‌వర్క్ మీద సౌండ్ పంపే వీబీఏఎన్ ఉంది, పక్క గదిలో అనౌన్స్‌మెంట్ వినడానికి సరిపోతుంది, కానీ దాంట్లో రెండు కంప్యూటర్లకీ కలిపి ఒక క్లాక్ ఉండదు, అప్పుడప్పుడు చిటుక్కుమంటుంది, కచేరీ దాని మీద నడపొద్దు. లైవ్ కోసం కమిటీ వాళ్ళు తెచ్చిన బ్రాడ్‌బ్యాండ్ రౌటర్‌ని డాంటే స్విచ్‌కి కలపకండి, నెట్‌ని ఫోన్ హాట్‌స్పాట్ నుంచి వైఫైలో తీసుకుని, కంట్రోలర్‌లో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ వైఫైది కాకుండా వైర్‌దే ఎంచుకున్నారా అని ఒకసారి చూసుకోండి.

లాప్‌టాప్ పనులన్నీ ఇంటి దగ్గరే అయిపోవాలి. లైసెన్స్ యాక్టివేషన్‌కి నెట్ కావాలి, అది పందిట్లో పెట్టుకుంటే అంతే సంగతులు. విండోస్ అప్‌డేట్ పాజ్, స్లీప్ ఆఫ్, యాంటీవైరస్‌లో డాంటేకి పర్మిషన్. 32 ఛానెళ్ళు 24 బిట్‌లో గంటకి 16 జీబీ పైనే తింటుంది, మూడు గంటల కచేరీకి 50 జీబీ ఖాళీ లేకుండా బయల్దేరకండి. పెట్టెల పేర్లు ప్రోగ్రామ్ రోజు మార్చకండి, రౌటింగ్ గుర్తుపెట్టుకునేది పేరుతోనే, పేరు మారితే లింక్ తెగుతుంది. అన్నీ కలిసాక కంట్రోలర్‌లో ఆ రౌటింగ్‌ని ప్రిసెట్‌గా సేవ్ చేసి ఆ విండో మూసేసినా పర్లేదు, ఆడియో దానిలోంచి పోదు, కొందరు అది మూస్తే సౌండ్ పోతుందని భయపడి రాత్రంతా తెరిచే ఉంచుతారు.

ఆఖరికి కెమెరా వాళ్ళకి మిక్సర్ మ్యాట్రిక్స్ అవుట్ (విడిగా మిక్స్ పంపే అవుట్‌పుట్) నుంచి ఒక ఎక్స్ఎల్ఆర్ లైన్ విడిగా లాగి ఇవ్వండి, మిక్సర్‌లో పెన్‌డ్రైవ్ రికార్డింగ్ ఉంటే అదీ ఆన్ చేయండి. లాప్‌టాప్ హ్యాంగ్ అయినా లైవ్‌లో సౌండ్ ఆగదు, కమిటీ ప్రెసిడెంట్ గారు మైకు పట్టుకుని మిమ్మల్ని పేరు పెట్టి పిలవరు.